పత్మాసు ద్వీపం: యోహాను గుహకూ, కొండమీది మఠానికీ ఒక పూట సరిపోతుందా?

ప్రశ్న: పద్మారావునగర్ పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా అమ్మగారు సికింద్రాబాద్‌లో ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందారు. ఏడాదికి ఒకసారైనా మెదక్ చర్చికి వెళ్లి రాకపోతే ఆమెకు తోచదు. బైబిల్లో ఆమె ఎక్కువసార్లు తెరిచే పుస్తకం ప్రకటన గ్రంథం. దాని మొదటి అధ్యాయంలో యోహాను తాను పరవాసిగా ఉన్నానని చెప్పుకున్న పత్మాసు ద్వీపం ఇప్పటికీ అదే పేరుతో గ్రీసు దేశంలో ఉందనీ, దర్శనం కలిగిందని చెప్పే గుహనూ, దానికి పైన కొండమీద ఉన్న పాత మఠాన్నీ యాత్రికులు చూసి రావచ్చనీ తెలిసినప్పటి నుంచి, ఎటైనా తీసుకెళ్తానంటే అక్కడికే తీసుకెళ్లమంటున్నారు. 2027లో ఈస్టర్ ప్రాంతంలో, వీలైతే పిల్లల వేసవి సెలవులు కలిసొచ్చేలా వెళ్లాలని అనుకుంటున్నాము.

అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ వారిని అడిగితే, ఏథెన్స్ నుంచి బయలుదేరే విహార ఓడలో నాలుగైదు దీవులతో పాటు పత్మాసు కూడా వస్తుందనీ, అక్కడ నాలుగు గంటలు ఆగుతుందనీ, అంతకు మించి చూడటానికి ఏమీ లేదనీ చెప్పారు. ఆ చివరి మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. నిదానంగా అయితే మెట్లు ఎక్కగలరు గానీ తొందరపెడితే కష్టం. గ్రీసులో కొన్ని మఠాల్లోకి స్త్రీలను అడుగుపెట్టనివ్వరని చదివాను, ఇక్కడా ఆ నియమం ఉందా? దుస్తుల విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి? గుహ సంగతి కొంత తెలుసు గానీ, మఠంలో ఏమేం ఉంటాయో, దాని చరిత్ర ఏమిటో తెలిసినవారు వివరంగా రాస్తే, వెళ్లే ముందు అమ్మకు చదివి వినిపిస్తాను.


జవాబు: తార్నాక యాత్రి

ముందుగా మీ భయం ఒకటి తీరుస్తాను. స్త్రీలకు ప్రవేశం లేనిది ఉత్తర గ్రీసులోని ఆథోస్ పర్వతం మీది మఠాల్లో. పత్మాసులో గుహకైనా, యోహాను పేరిట ఉన్న మఠానికైనా స్త్రీలు నిరభ్యంతరంగా వెళ్లవచ్చు.

ట్రావెల్స్ వారు చెప్పిన నాలుగు గంటల లెక్క కాగితం మీద నిజమే. అయితే ఈ ఓడల్లో చాలావాటికి పత్మాసు మజిలీ, తుర్కియే తీరంలోని కుషదాసీ మజిలీ ఒకే రోజున పడతాయి. ఉదయం కుషదాసీలో దించి ఎఫెసు శిథిలాలు చూపించి, మధ్యాహ్నం దాటాక పత్మాసుకు తెస్తారు. అప్పటికే ఎండలో నడిచి అలసిన మోకాళ్లతో అమ్మగారు ఇక్కడ దిగుతారన్న మాట. నాలుగు గంటల్లో ఓడ దిగడం, కొన్నిసార్లు రేవు దాకా చిన్న పడవలో రావడం, బస్సు నిండేదాకా ఆగడం, గుహ ముందు వరుసలో నిలబడటం, గడువుకు ముందే తిరిగి ఓడ చేరడం తీసివేస్తే మిగిలేది స్వల్పం. పైగా ఓడలోని వారందరూ ఒకేసారి గుహకు చేరతారు. నిలబడి నాలుగు మాటలు ప్రార్థన చేసుకునేలోపు వెనుకవారు కదలమంటారు. అమ్మగారు కోరుకుంటున్నది అది కాదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

ద్వీపంలో కనీసం రెండు రాత్రులు ఉండండి. గుహ ఒక ఉదయం, మఠం మరొక ఉదయం పెట్టుకోండి. మధ్యాహ్నం రెండూ మూసి ఉంటాయి, సాయంత్రం వారంలో కొన్ని రోజులే తెరుస్తారు; వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి రేవులో దిగిన రోజే బస చేసే చోట అడిగి తెలుసుకోవాలి. ఏ రోజున విహార ఓడలు వస్తున్నాయో కూడా అక్కడే అడగండి. ఓడ లేని రోజున గుహకు వెళితే మీకు ఆ చోటు దక్కుతుంది.

ఇక దారి సంగతి. ఓడలు ఆగే రేవు స్కాలా. కొండ కొమ్మున మఠం, దాని చుట్టూ అల్లుకున్న తెల్లని ఇళ్ల ఊరు ఖోరా. ఈ రెంటికీ మధ్య దారిలో సుమారు సగం ఎత్తున గుహ ఉంటుంది. స్కాలా నుంచి బస్సులూ టాక్సీలూ ఉన్నాయి, గుహ దగ్గర కూడా ఆగుతాయి. రాళ్లు పరిచిన పాత కాలిబాట ఒకటి ఉంది, పూర్వం యాత్రికులు దాని మీదనే ఎక్కేవారు. అది మీకు వద్దు. గుహ ప్రవేశం రోడ్డు పక్కనే కనిపిస్తుంది గానీ అసలు గుహ కింద ఉంటుంది. సున్నం కొట్టిన గోడల మధ్య, పూల కుండీలు పెట్టిన చిన్న చిన్న ఆవరణల గుండా మెట్లు దిగుతూ పోవాలి, వచ్చేటప్పుడు అవే మెట్లు ఎక్కాలి. మఠం దగ్గర బస్సు ఊరి అంచున ఆపేస్తుంది, అక్కడి నుంచి ఎత్తుగా సాగే రాతి సందుల్లో నడక. లోపల కూడా ఒక అంతస్తు నుంచి మరొక అంతస్తుకు అరిగిన రాతి మెట్లే. గోల్కొండలో బాలాహిస్సార్ దాకా ఎక్కినంత శ్రమ లేదు, కానీ అక్కడిలాగే రాయి నున్నబడి జారుతుంది. పట్టు ఉన్న బూట్లు, చేతికర్ర తప్పనిసరి.

గుహలో ఏముంటుందో కొంచెం చెబుతాను. అది ఇప్పుడు ఒక చిన్న ప్రార్థనా మందిరంలో భాగం. దానికి ఆనుకునే పరిశుద్ధ అన్న పేరిట మరొక మందిరం కట్టారు. లోపల ఒక పక్క గోడ, మరొక పక్క పచ్చి కొండరాయి. పైకప్పుగా వంగిన ఆ రాతిలో మూడుగా చీలిన పగులు ఒకటి కనబడుతుంది. ఆ స్వరం వినిపించినప్పుడు రాయి అలా చీలిందనీ, అది త్రిత్వానికి గుర్తనీ అక్కడివారి నమ్మకం. కింద, నేలకు దగ్గరగా, రాతిలో ఒక గుంట ఉంది, దాని చుట్టూ వెండి తొడుగు వేశారు. యోహాను తల ఆనించి పడుకున్న చోటు అదంటారు. దానికి కొంచెం పైన, లేచేటప్పుడు చెయ్యి ఆనించాడని చెప్పే ఇంకొక చిన్న గుంటకూ వెండి అంచు ఉంది. ముసలితనంలో ఆయన లేవడానికి రాతిని పట్టుకోవలసి వచ్చిందన్న ఆ వివరం మీ అమ్మగారికి తప్పక నచ్చుతుంది. శిష్యుడు ప్రొకొరు నిలబడి రాసుకున్నాడని చెప్పే రాతి అరుగు కూడా చూపిస్తారు. లోపల ఫోటోలు తీయనివ్వరు.

దుస్తుల మాటకు వస్తే, భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి, అంతే. చీరకు ఏ పేచీ లేదు. మగవారు, మగపిల్లలు పొట్టి నిక్కర్లు వేసుకోకూడదు, టోపీ తీసెయ్యాలి. మన దగ్గరలా చెప్పులు బయట విడిచే పని లేదు.


జవాబు: నల్లకుంట చరిత్ర విద్యార్థి

గుహ గురించి పైవారు చక్కగా రాశారు. నేను మఠానికే పరిమితమవుతాను, ఎందుకంటే అక్కడికి వెళ్లేవారు గుహ ముందు చూపిన ఆసక్తిలో సగం కూడా మఠం దగ్గర చూపరు. నా దృష్టిలో మాత్రం చూడవలసిన సరుకంతా పైనే ఉంది.

ఈ రెంటి మధ్య దాదాపు వెయ్యేళ్ల ఎడం ఉంది. యోహాను పరవాసం రోమన్ చక్రవర్తి డొమీషియన్ కాలంలో, అంటే సామాన్య శకం 81కీ 96కీ మధ్య, ఆ పాలన చివరి రోజుల్లో జరిగిందని సంఘ సంప్రదాయం. ఆ తరువాతి శతాబ్దాల్లో సముద్రపు దొంగల దాడులకు తట్టుకోలేక ద్వీపం దాదాపు నిర్జనమైపోయింది. 11వ శతాబ్దంలో క్రిస్టొడూలోస్ అనే సన్యాసి అక్కడికి వచ్చేనాటికి చెప్పుకోదగ్గ ఊరంటూ లేదు. ఆయన అంతకుముందు ఆసియా మైనర్‌లోని (నేటి తుర్కియే) లాత్రోస్ కొండల్లో మఠాధిపతిగా ఉండేవాడు. తురుష్కుల దండయాత్రలు అక్కడికీ పాకడంతో తీరం దాటి కోస్ ద్వీపానికి చేరాడు. అక్కడ తనకున్న భూములను వదులుకొని, వాటికి బదులుగా పత్మాసును ఇవ్వమని బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి మొదటి అలెక్సియోస్ కొమ్నెనోస్‌ను అడిగాడు. 1088లో చక్రవర్తి ఇచ్చాడు. ఒక పొలమో, ఒక లోయో కాదు, ద్వీపం మొత్తాన్ని మఠానికి శాశ్వతంగా రాసిచ్చి, పన్నులు మాఫీ చేసి, రాజోద్యోగులు ఎవరూ జోక్యం చేసుకోరాదని శాసనం వేయించాడు. మన దేశంలో అగ్రహారాలకూ ఆలయాలకూ రాజులు ఇచ్చిన శాసనాలు రాతి మీదా, రాగి రేకుల మీదా ఉన్నాయి కదా, ఇది తోలు పత్రం మీద, చక్రవర్తికి మాత్రమే చెల్లిన ఎర్రసిరా సంతకంతో ఉంది. ఆ పత్రాన్ని మఠంలోని ప్రదర్శనశాలలో ఈనాటికీ చూడవచ్చు. ఎవరు ఏలికలైనా సన్యాసులు తమ హక్కులను చూపించి నిలబెట్టుకున్నది ఇలాంటి పత్రాలతోనే. అందుకే లోపలికి వెళ్లాక మొదట దాని దగ్గరకే వెళ్లమంటాను.

క్రిస్టొడూలోస్ తాను కట్టించిన చోట ఎంతోకాలం ఉండలేకపోయాడు. దాడుల భయంతో శిష్యులతో సహా యూబియా ద్వీపానికి వెళ్లి, 1093లో అక్కడే కన్నుమూశాడు. తన శరీరాన్ని పత్మాసుకే చేర్చమన్న కోరికను శిష్యులు నెరవేర్చారు, ఇప్పుడు ఆయన అవశేషాలు ప్రధాన మందిరానికి ఆనుకున్న చిన్న గదిలో ఉన్నాయి. మఠం కోటలా ఎందుకుందో ఈ కథలోనే తెలుస్తుంది. 15 మీటర్లకు మించిన ఎత్తున, బూడిద రంగు రాతి గోడలు కొండ కొమ్మును చుట్టి ఉంటాయి. కింద ఊరంతా తెల్లగా, నడుమ ఇది మాత్రం నల్లగా కనబడుతుంది. ద్వారం దాటే ముందు ఒక్కసారి తల ఎత్తి చూడండి. తలుపుకు సరిగ్గా పైన, గోడ నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన ఒక కట్టడం, దాని అడుగున రంధ్రాలు ఉంటాయి. తలుపు బద్దలు కొట్టడానికి వచ్చినవారి నెత్తిన మరిగే నూనెనో, కరిగించిన సీసాన్నో పోయడానికి ఏర్పాటు అది. ప్రార్థనకు వచ్చిన యాత్రికులందరూ దాని కిందనుంచే లోపలికి పోతారు.

లోపల గులకరాళ్లు పరిచిన ఆవరణ, ఒక పక్క కమానుల వరుస, ఎదురుగా ప్రధాన మందిరం. ఆ మందిరపు వసారా గోడల మీద యోహాను జీవితానికి సంబంధించిన కథలు చిత్రించి ఉన్నాయి. వాటిలో కినోప్స్ అనే మాంత్రికుడు సముద్రంలో మునిగి రాయిగా మారిన కథ ఒకటి. అది బైబిల్లో లేదు, ప్రొకొరు పేరిట తరువాతి కాలంలో వెలువడిన గాథల్లోనిది. ఆ రాయి ఇదేనంటూ స్కాలా రేవులో నీళ్లలోని ఒక బండను చూపిస్తారు.

అయితే కుడ్యచిత్రాల్లో నిజమైన నిధి దేవమాత పేరిట ఉన్న పక్క మందిరంలో ఉంది. 1956లో ఈజియన్ సముద్రంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తరువాత మరమ్మతులు చేస్తుండగా, 18వ శతాబ్దపు చిత్రాల పొర కింద 12వ శతాబ్దపు చిత్రాలు దాగి ఉన్నాయని తేలింది. పై పొరను జాగ్రత్తగా తీసి పాతవాటిని వెలికితెచ్చారు. అందులో అబ్రాహాము ఇంట ముగ్గురు దూతలు బల్ల దగ్గర కూర్చున్న చిత్రం ఉంది. ఆదికాండం 18వ అధ్యాయంలో మమ్రే సింధూరవనం దగ్గర జరిగిన ఆతిథ్యం. మీ అమ్మగారికి ఎవరూ వివరించనక్కరలేకుండానే అర్థమవుతుంది. ఆ మందిరం చిన్నది, వెలుతురు తక్కువ. కళ్లు ఆ మసకకు అలవాటు పడేదాకా ఓపిక పట్టి నిలబడితే రంగులు ఒక్కొక్కటే తేలుతాయి. విహార ఓడ మనుషులు ఆ ఓపిక పట్టలేరు, పట్టేంత సమయం వారికి ఉండదు.

ఇక ప్రదర్శనశాల. చక్రవర్తి శాసనం తరువాత మీరు వెతకవలసినది ఊదారంగు తోలు పుటలు. ఇవి 6వ శతాబ్దంలో రాసిన ఒక సువార్తల ప్రతిలోనివి. తోలుకు ఊదారంగు అద్ది, దాని మీద వెండి సిరాతో రాసి, దేవుని నామాలను మాత్రం బంగారు సిరాతో రాశారు. ఆ గ్రంథం ఎప్పుడో విడిపోయి పుటలు దేశదేశాలకు చెదిరాయి. ఎక్కువ భాగం రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండగా, మార్కు సువార్తకు చెందిన 33 పుటలు పత్మాసులో నిలిచాయి. ఈ మఠం గ్రంథాలయం నుంచి బయటకు పోయినవీ ఉన్నాయి. ప్లేటో సంభాషణలను 895లో నకలు చేసిన ఒక ప్రతిని 1801లో ఎడ్వర్డ్ డేనియల్ క్లార్క్ అనే ఆంగ్లేయుడు ఇక్కడి నుంచి కొని తీసుకుపోయాడు; అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. గ్రంథాలయం సాధారణ యాత్రికులకు తెరవరు, పరిశోధకులు ముందే అనుమతి తీసుకోవాలి. ప్రదర్శనలో పెట్టినవే మనకు దక్కేవి, అవే ఎక్కువ.

మిగతాది క్లుప్తంగా. 1453లో కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) ఒట్టోమన్ తురుష్కుల వశమయ్యాక అక్కడి నుంచి వచ్చిన కుటుంబాలు మఠం గోడల పక్కన ఇళ్లు కట్టుకున్నాయి, ఊరు అలా పెరిగింది. ఒట్టోమన్‌ల ఏలుబడి తరువాత 1912లో ఇటలీ చేతికి పోయి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1948లో గ్రీసులో కలిసింది. మఠం మాత్రం నేటికీ కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ (ఆర్థడాక్స్ క్రైస్తవుల ప్రధాన మతాధికారి) అధీనంలోనే ఉంది. ఖోరా ఊరు, మఠం, గుహ మూడింటినీ కలిపి 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.


జవాబు: అల్వాల్ నుంచి

పై ఇద్దరి మాటలతో నేను పూర్తిగా ఏకీభవించలేను. రెండు రాత్రులు ఉండమని చెప్పడం తేలికే. పత్మాసులో విమానాశ్రయం లేదు. ఏథెన్స్ పక్కన పిరియస్ రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే ఏడెనిమిది గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ప్రయాణం; చాలా ఫెర్రీలు వేళ కాని వేళ, నడిరాత్రి దించుతాయి. సామాను మోసుకుంటూ ఇనుప వంతెన మీదుగా దిగాలి, గుంపు తోసుకుంటూ వస్తుంది. అరవై దాటిన తల్లిదండ్రులతో ఈ అనుభవం ఉన్నవాణ్ణి గనుక చెబుతున్నాను, విహార ఓడలో గది ఒకటే, పెట్టె ఒకసారి విప్పితే చివరిదాకా కట్టే పని లేదు, వైద్యుడు ఓడలోనే ఉంటాడు. చూసేది తగ్గుతుంది, ఒప్పుకుంటాను. అమ్మగారి ఆరోగ్యాన్ని బట్టి మీరే నిర్ణయించుకోండి గానీ ఓడను అంత తేలిగ్గా తీసిపారేయవద్దు.


ప్రశ్న అడిగినవారి స్పందన: పద్మారావునగర్ పాఠకురాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అన్నీ అమ్మకు చదివి వినిపించాను. నడిరాత్రి ఫెర్రీ సంగతి విని ఆమె వెనకాడలేదు, నాకే గుబులుగా ఉంది. వెండి తొడుగు వేసిన గుంట దగ్గర మాత్రం మళ్లీ చదవమన్నారు.

ఇంకొక సందేహం. మేము సి.ఎస్.ఐ. సంఘానికి చెందినవారము. అక్కడ ఆదివారం ఆరాధనలో కూర్చోవచ్చా? ప్రభురాత్రి భోజనంలో పాలు పొందవచ్చా? పటాలకు ముద్దులు పెట్టడం, వాటి ముందు దీపాలు వెలిగించడం మా అలవాటు కాదు. చేయకపోతే వారు నొచ్చుకుంటారా అని అమ్మ అడుగుతున్నారు. ఈస్టర్ నాటికి వెళ్తే బాగుంటుందా?


జవాబు: మౌలాలి విశ్వాసి

ఆరాధనలో నిరభ్యంతరంగా పాల్గొనవచ్చు. ఆరాధన మొదలయ్యే ముందు ఒక సన్యాసి పొడవాటి చెక్క పలకను చేత్తో పట్టుకొని, చిన్న సుత్తితో లయబద్ధంగా కొడుతూ ఆవరణలో తిరగడం గ్రీకు మఠాల్లో పాత ఆచారం, ఆ చప్పుడే పిలుపు. లోపల మన చర్చిల్లోలా బెంచీల వరుసలు ఉండవు. గోడల వెంబడి ఎత్తయిన చేతులున్న చెక్క ఆసనాలు ఉంటాయి. నిలబడలేని పెద్దవారు వాటిలో కూర్చుంటారు గనుక అమ్మగారు తటపటాయించనక్కరలేదు. ఆరాధన రెండు గంటలకు పైగా సాగవచ్చు, అంతా గ్రీకులోనే. మధ్యలో బయటకు వెళ్లి రావడం అక్కడ తప్పుగా చూడరు. ముందు భాగంలో పటాలతో నిండిన చెక్క అడ్డుగోడ ఉంటుంది, దాని వెనుక బలిపీఠం. అటు వైపు అడుగు పెట్టకూడదు, అది ఎవరికైనా వర్తించే నియమం.

ప్రభురాత్రి భోజనం మాత్రం ఆర్థడాక్స్ సంఘ సభ్యులకే ఇస్తారు. ఇందులో మనల్ని తక్కువ చేయడం ఏమీ లేదు, కేథలిక్కులకూ ఇవ్వరు. వరుసలో నిలబడి, చివరన కాదనిపించుకోవడం కంటే ముందే ఆగిపోవడం మర్యాద. ఆరాధన ముగిశాక, ఆశీర్వదించిన రొట్టె ముక్కలను పంచుతారు. అది సంస్కారంలో భాగం కాదు, వచ్చినవారందరికీ ఇవ్వడం పరిపాటి. కుడి అరచేతిని ఎడమ అరచేతి మీద పెట్టి తీసుకుంటే సరిపోతుంది. పటాలకు ముద్దు పెట్టమని ఎవరూ అడగరు, పెట్టనందుకు ఎవరూ నొచ్చుకోరు. ఒక సన్నని మైనపు వత్తి కొని, ఇసుక పళ్లెంలో గుచ్చి, మౌనంగా ప్రార్థించుకోవడానికి అమ్మగారికి అభ్యంతరం లేకపోతే చేయవచ్చు, చేయకపోయినా ఎవరూ పట్టించుకోరు.

ఒక విషయం మాత్రం ఆమెకు ముందే చెప్పండి. ఆర్థడాక్స్ సంఘం ఏడాది పొడవునా ఆరాధనల్లో చదివే వాక్యభాగాల క్రమంలో ప్రకటన గ్రంథానికి చోటు లేదు. బైబిల్లో దాన్ని అంగీకరించారు, కానీ ఆదివారాల్లో చదవరు. ఆ గ్రంథం పుట్టిందని చెప్పే చోట అదే వినిపిస్తుందన్న ఆశతో వెళితే నిరాశ కలుగుతుంది. కాబట్టి ఆమె రోజూ చదువుకునే తెలుగు బైబిలును వెంట తీసుకెళ్లి, జనం పలచబడిన వేళ గుహలో ఒక మూల కూర్చొని ఏడు సంఘాలకు రాసిన లేఖలు తానే చదువుకుంటే మంచిది. ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ అన్నీ ఎదురుగా ఉన్న తుర్కియే భూభాగంలోనివే.

ఈస్టర్ మాట. 2027లో మన ఈస్టర్ మార్చి 28న వస్తే, ఆర్థడాక్స్ ఈస్టర్ మే 2న వస్తుంది. రెండు సంఘాలూ లెక్కించే పద్ధతి వేరు కావడమే దీనికి కారణం. మీకు ఇది కలిసొచ్చే విషయమే. ఇక్కడి ఈస్టర్ ఆరాధన సికింద్రాబాద్‌లో ముగించుకొని, పిల్లలకు సెలవులిచ్చాక అక్కడి ఈస్టర్‌కు వెళ్లవచ్చు. దానికి ముందున్న గురువారం, అంటే ఏప్రిల్ 29న, ఖోరా ఊరి చౌకులో వేదిక వేసి, మఠాధిపతి పన్నెండుమంది సన్యాసుల పాదాలు కడుగుతాడు. యేసు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టాన్ని, సువార్త వచనాలు చదువుతూ, అందరి కళ్ల ఎదుట నడుపుతారు. భాష రాకపోయినా యోహాను సువార్త 13వ అధ్యాయం తెలిసినవారికి ఏ మాట ఎక్కడ వస్తోందో తెలుస్తూనే ఉంటుంది. ఆ వారం గ్రీసు నలుమూలల నుంచి జనం వస్తారు, బస దొరకడం కష్టం, ఎంత ముందుగా ఖాయం చేసుకుంటే అంత మంచిది. జనసమ్మర్దం వద్దనుకుంటే ఈస్టర్ గడిచిన మరుసటి వారం వెళ్లండి. వాతావరణం అంతే హాయిగా ఉంటుంది, మెట్లు ఖాళీగా ఉంటాయి. మోకాళ్లను బట్టి నేనైతే ఇదే ఎంచుకుంటాను.


జవాబు: తార్నాక యాత్రి

అల్వాల్ వారి అభ్యంతరంలో న్యాయం ఉంది, కానీ దానికి మార్గం కూడా ఉంది. నేరుగా పిరియస్ నుంచి పత్మాసుకు వెళ్లనక్కరలేదు. ఏథెన్స్ నుంచి విమానంలో కోస్‌కో, సామోస్‌కో, లేరోస్‌కో వెళ్లి, ఆ రాత్రి అక్కడే విశ్రాంతి తీసుకొని, మరునాడు పగటిపూట చిన్న ఫెర్రీలో పత్మాసు చేరవచ్చు. ఖర్చు కొంత పెరుగుతుంది గానీ నడిరాత్రి సామానుతో దిగే బాధ తప్పుతుంది. ఆ చిన్న ఫెర్రీలు అన్ని రోజులూ నడవవు, పైగా వసంతంలో తక్కువ. వేళలు ఖాయమయ్యాకనే విమానం టిక్కెట్లు కొనండి. గాలి బలంగా వీస్తే రేవు అధికారులు ఫెర్రీలను ఆపేస్తారు. జూలై, ఆగస్టుల్లో ఉత్తరపు గాలులతో ఈ బెడద ఎక్కువ, మే నెలలో తక్కువే. అయినా శంషాబాద్‌కు తిరుగు విమానం ఎక్కే ముందు ఏథెన్స్‌లో ఒక పూర్తి రోజు ఖాళీగా ఉంచుకోవాలి.

గ్రీసు వీసా షెంగెన్ (ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) కిందికి వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, అంటే మే మొదటి వారానికి వెళ్లేవారు నవంబర్‌లోనే మొదలుపెట్టవచ్చు; వేసవికి ముందు అపాయింట్‌మెంట్లు దొరకవు గనుక చివరిదాకా ఆగవద్దు. పెద్దవారికి రుసుము 90 యూరోలు, దానికి దరఖాస్తు కేంద్రం వారి సేవా రుసుము అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులను భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. అమ్మగారి మోకాళ్ల సంగతి బీమా పత్రంలో దాచకుండా రాయించండి, లేకపోతే అక్కడ కాలు బెణికినా పాత జబ్బేనని తోసిపుచ్చే వీలుంటుంది.

చివరికి ఓడ విహారమే ఎంచుకున్నా, లేదా అమ్మగారు ఎఫెసు కూడా చూడాలన్నా, తుర్కియే షెంగెన్‌లో లేదని గుర్తుంచుకోండి. కుషదాసీలో కాలు మోపి తిరిగి గ్రీసుకు వస్తే అది రెండో ప్రవేశం కింద లెక్క. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసాతో తిరిగి రానివ్వరు, ఓడ ఎక్కేటప్పుడే ఆపేయవచ్చు. దరఖాస్తులోనే బహుళ ప్రవేశం అడిగి, ప్రయాణ ప్రణాళికలో తుర్కియే మజిలీని స్పష్టంగా చూపించండి. తుర్కియే వీసా వేరుగా తీసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా చేతిలో ఉంటే భారతీయులు దాన్ని ఆన్‌లైన్‌లోనే పొందవచ్చు. ఈ సంగతి అమీర్‌పేట వారు మీకు చెప్పారో లేదో అడగండి, చెప్పకపోతే డబ్బు కట్టే ముందే తేల్చుకోండి.